రెండు గంటల సూది

మీటింగు గది బయట బల్ల మీద కూర్చోమన్నారు, కూర్చున్నాడు. పదకొండింటికి పిలుస్తామన్నారు. గోడ గడియారంలో ఇంకా పదీ పది. యాభై నిమిషాలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. పన్నెండేళ్లుగా ఈ భవనంలో పనిచేస్తున్నాడు కాని ఈ అంతస్తులో కూర్చోవడం ఇదే మొదలు, తుడవడానికి కూడా దీనికి వేరే మనిషి ఉన్నాడు. అతని చోటు కింద, కోతుల గదిలో. అక్కడైతే చేతులకి ఎప్పుడూ ఏదో పని ఉంటుంది, నీళ్ల గొట్టం పట్టుకోవడమో, ట్రేలు లాగి కడగడమో, కోతి ఊచల దగ్గరికి వచ్చేలా పిడి తిప్పి బోను వెనక పలకని ముందుకి జరపడమో. ఇక్కడ గోడ తెల్లగా ఉంది, నేల తెల్లగా ఉంది, గాలిలో కాఫీ వాసన. ఆ వాసనలోంచి తన ఒంటి వాసన తనకే వేరుగా తెలుస్తోంది. పొద్దున రెండుసార్లు ఒళ్లు రుద్దుకున్నాడు. కోతి వాసన సబ్బుకి లొంగేది కాదు. పెళ్లయిన కొత్తలో భార్య ముక్కు మూసుకునేది, ఇప్పుడు ఎప్పుడైనా వాసన లేకపోతే, ఏం, ఇవాళ పనిలోకి వెళ్లలేదా అని అడుగుతుంది.

తలుపవతల ప్రయోగం నడిపే పెద్ద డాక్టరమ్మ గొంతు, దాని అంకెలు చూసే లెక్కలాయన గొంతు. మాటలు తెలియడం లేదు, గొంతుల నడక తెలుస్తోంది. ఆమె గొంతు ఒకచోట ఆగుతోంది, ఆయన గొంతు తోసుకుంటూ ముందుకి పోతోంది. పశువులు కొట్టంలో కదిలే చప్పుడు బట్టి ఏది నిలబడింది, ఏది పడుకుంది అని చీకట్లోనే చెప్పేవాడు నాన్న. వాళ్లు దేని గురించి మాట్లాడుకుంటున్నారో అతనికీ తెలుసు. పోయిన బుధవారం కిందికి దిగి వచ్చి, కోతుల గది గుమ్మంలోనే నిలబడి ఒక కాగితం చూపించింది డాక్టరమ్మ. దాని మీద రెండు గీతలు, కోతుల ఒంట్లో రోగాన్ని తట్టుకునే సత్తువ లెక్క. ఒకటి కొంచెం కొంచెంగా దిగుతోంది, రెండోది మెట్ల మీంచి కాలు జారినట్టు పడిపోతోంది. పడిపోతున్నది నీ గది, అంది. ఆమె అన్నది నిందగా కాదు, అర్థంకాక. అందుకే అది ఇంకా లోతుగా దిగింది.

రెండేళ్ల కిందట, ఈ ప్రయోగం మొదలైన రోజున, కింది వాళ్లందరినీ నిలబెట్టి మామూలు మాటల్లో చెప్పిందామె. మత్తు సూదులు వేసుకునేవాళ్లలో చాలామందికి హెచ్‌ఐవి అంటుకుంటుంది, ఒకే సూది నలుగురూ పంచుకోవడం వల్ల. అంటుకున్నాక వాళ్లలో రోగం తొందరగా ముదురుతోందా, ముదిరితే అది మత్తుమందు చేసే పనా, లేక తిండీ నిద్రా లేకపోవడం చేసే పనా అన్నది మనుషుల్ని చూసి తేల్చలేం, మనిషి బతుకులో అన్నీ కలగలిసి ఉంటాయి. కోతుల్లో అయితే విడదీయొచ్చు. హెచ్‌ఐవికి దాయాది లాంటి క్రిమి కోతులకి ఒకటుంది, దాన్ని అన్నిటికీ ఎక్కిస్తాం. కొన్నిటికి రోజుకి మూడు పూటలా మార్ఫిన్ సూది, కొన్నిటికి అదే వేళకి ఉత్త ఉప్పునీళ్ల సూది. తిండి ఒకటే, వెలుతురు ఒకటే, గాలి ఒకటే. తేడా ఏదన్నా వస్తే అది మార్ఫిన్ తేడా. అతనికి ఆ మాట వెంటనే పట్టుబడింది. నాన్న ఒకే ఏడాది పుట్టిన రెండు దూడలకి రెండు రకాల మేత వేసి, ఏది ఎదుగుతుందో చూద్దాం పట్టు అనేవాడు. మిగతావాళ్లు తలలూపారు. అతను తల కూడా ఊపలేదు. మాట్లాడకపోతే వినలేదనుకుంటారు జనం.

ఉదయం ఆరింటి సూదీ రాత్రి పదింటి సూదీ వేరేవాళ్లవి. మధ్యాహ్నం రెండు గంటల సూది తనది, ఎడమ గదిలో. కుడి గదిలో ఆవిడది, అందరూ గడియారం అని పిలిచే ఆవిడ, రెండు కొట్టేసరికి సిరంజి చేతిలో ఉండే మనిషి. గదికో మనిషి అని రూలు, రోజుకో మొహం కనిపిస్తే కోతులు బెదురుతాయని. సీసాల మీద అంకెలే ఉంటాయి, దేంట్లో మార్ఫిన్, దేంట్లో ఉప్పునీళ్లు అని పనివాళ్లకి చెప్పరు. చెప్పక్కర్లేదు. రెండు వారాల్లో తెలిసిపోయింది. మార్ఫిన్ కోతి సూదికి తొడ తనే తెచ్చి ఊచలకి ఆనిస్తుంది. ఉప్పునీళ్ల కోతి నెల తర్వాత కూడా పళ్లు చూపిస్తుంది. కోతులకి పేర్లు పెట్టకూడదని ఇంకో రూలు, బోను మీద అంకె చాలని. అతను పెట్టలేదు, నోటితో. మనసులో మాత్రం ఏడో నంబరు పంతులమ్మ, చేతులు కట్టుకుని తరగతి వైపు చూస్తున్నట్టు కూర్చుంటుంది గనక. మూడో నంబరు పొట్టోడు. అయిదో నంబరు గుమాస్తా, ట్రేలోని తిండి బిళ్లలన్నీ వరసగా పేర్చుకుని గాని తినడు. గుమాస్తాది ఉప్పునీళ్ల సీసా. గుమాస్తా ఇవాళ్టికీ నున్నగా ఉన్నాడు. పొట్టోడు పోయిన నెల పోయాడు, చివరి వారం మెడ ఎత్తలేక ఊచకి నుదురు ఆనించుకుని పడుకునేవాడు, గ్లవ్సు వేసుకున్న వేలు ఒకటి లోపలికి పెడితే దాన్ని పట్టుకునేవాడు, అలా వేలు పెట్టకూడదు, కరిస్తే ఏమవుతుందో తెలిసి కూడా తను పెట్టేవాడు.

పంతులమ్మ తిండి తిన్నాక నిద్రపోతుంది. ఒంటిగంటకి ట్రే ఖాళీ, ఒకటిన్నరకి తల ఒకపక్కకి వాలుతుంది, కింది పెదవి కొంచెం జారి లోపలి గులాబీ రంగు కనిపిస్తుంది. ఆ పెదవిని చూస్తూ మొదటిసారి సిరంజి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. పడుకున్న గొడ్డుని లేపొద్దు అనేవాడు నాన్న. ఎవరన్నా చెర్నాకోల తగిలించి లేపితే ఆ పూట వాళ్లతో మాట్లాడేవాడు కాదు. దానికి మాటరాదు గదరా, కాస్త కన్ను మూసుకోవడమే దానికున్న సుఖం, అదీ లాక్కుంటే ఎట్లా. అందుకని సిరంజిని ట్రేలో పెట్టి మిగతా బోన్లు చూసుకుని వచ్చేవాడు. లేచాకే వేసేవాడు. అర్ధగంట, గంట, ఒక్కోసారి రెండు. పొట్టోడూ అంతే, తొమ్మిదో నంబరూ అంతే. మందు మానలేదు గదా, కొంచెం అటూ ఇటూ. రిజిస్టరులో టైము గడి ఖాళీగా ఉంటే ఏం చేసేవాడో, ఖాళీగా లేదు. పేజీ పేజీకీ రెండు గంటలు అని ముందే అచ్చేసి ఉంది, పక్కన సంతకానికి చోటు, దాని పక్కన రిమార్కులకి ఇంత వెడల్పు గడి, రెండేళ్లుగా అందులో ఎవరూ అక్షరం పెట్టలేదు. సంతకం పెట్టమన్నారు, పెట్టాడు. అబద్ధం రాయలేదు. అచ్చయి ఉన్నదాని కింద పేరు రాశాడు. ఈ బల్ల మీద కూర్చున్న ఇరవై నిమిషాల్లో ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నాడో, అనుకున్నకొద్దీ అది నమిలిన గడ్డిలా పసరు లేకుండా పోతోంది.

లేచేటప్పుడు పంతులమ్మ ఆవలించేది. పెద్ద ఆవలింత, కోరలన్నీ కనిపించేలా, ఒకటి కాదు, వరసగా. కళ్లలో నీరు, ముక్కులో నీరు, మణికట్టు వెనక్కి తిప్పి ముక్కు తుడుచుకునేది, ముంజేతి మీద వెంట్రుకలు చలి వేసినట్టు నిక్కేవి. నిద్ర బరువు, అనుకున్నాడు. చంటిపిల్లలు లేవగానే ఉండరూ అలా. సూది పడిన పావుగంటకి మళ్లీ చేతులు కట్టుకునేది. ముద్దొచ్చేది చూడ్డానికి. అంత దగ్గరగా చూశాడు, ఏ వెంట్రుక ఎటు నిక్కిందో చూశాడు, చూసినదాన్ని మాత్రం చూడలేదు.

చూపించింది తమ్ముడు. పోయిన శనివారం, క్లినిక్కు కిటికీ ముందు. తమ్ముడికి రోజూ పొద్దున ఎనిమిదింటికి అక్కడ చిన్న గ్లాసుతో సిరప్ పోస్తారు, పాత మత్తుకి బదులు ఇచ్చే మందు, నర్సు చూస్తుండగానే తాగాలి, తాగాక ఏదో ఒకటి మాట్లాడి నోరు ఖాళీ అని చూపించాలి. దాంతోపాటు హెచ్‌ఐవి మాత్రలు. ఎనిమిది నెలలైంది. మొహంలో బుగ్గలు వచ్చాయి, తాళాలు చేసే కొట్లో పనికి పోతున్నాడు, వదినతో హాస్యాలాడుతున్నాడు. నేనూ అన్నయ్య కోతులూ ఒకే కంపెనీ మందు వదినా, వాటికి సూది, నాకు గ్లాసు, నాది ప్రమోషన్ అంటాడు. భార్య నవ్వకుండా ఉండాలని చూసి నవ్వుతుంది. ఆ శనివారం కిటికీ తెరవలేదు. మందు బీరువా తాళంచెవి ఎక్కడో పెట్టి మర్చిపోయారు. ఎనిమిదిన్నర, తొమ్మిది, తొమ్మిదిన్నర. తాళాలు చేసేవాణ్ని లైన్లో నిలబెట్టి తాళంచెవి వెతుకుతారేంటి సిస్టరూ, ఒక్క హుక్కు ఇవ్వండి అని తమ్ముడంటే అందరూ నవ్వారు. కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి. ముందున్న ముసలాయన ఆవలించాడు. ఆయన వెనకావిడ. తర్వాత తమ్ముడు, దవడ ఊడిపోతుందేమో అన్నట్టు, ఒకటి, రెండు, మూడు. కళ్లలో నీరు. మణికట్టు వెనక్కి తిప్పి ముక్కు తుడుచుకున్నాడు. ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఏం రా, రాత్రి నిద్ర లేదా, అన్నాడు తను. తమ్ముడు చూసిన చూపు ఉందే. నిద్రేంటన్నయ్యా, టైము దాటింది, అన్నాడు.

టైము దాటింది. అంతే. ఆ రెండు ముక్కలతో రెండేళ్ల మధ్యాహ్నాలు మొత్తం తిరగబడ్డాయి. ఆ తర్వాత నర్సు కిటికీ తీసి, గ్లాసులు పోస్తూ, మామూలుగా చెప్పినట్టే చెప్పింది, ఇదైనా ఎన్నాళ్లిస్తారో, ఈ రకం మందులు రోగాన్ని ఎగదోస్తాయని జంతువుల మీద ఎక్కడో తేలబోతోందట, తేలితే హెచ్‌ఐవి ఉన్నవాళ్లకి డోసు కోసేస్తారట అని. ఆ ఎక్కడో అన్నది ఎక్కడో తెలిసినవాడు ఆ లైను పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బయటికొచ్చాక తమ్ముడు ఎండలో ఆగి, గ్లాసు పడ్డాక మళ్లీ మనిషైపోయి, కోసేస్తే నేను మళ్లీ పాత సందుకే పోతానన్నయ్యా, బెదిరించడానికి కాదు, ముందే చెప్తున్నా, అన్నాడు.

చెప్పులు టకటకలాడాయి, కుడి గది ఆవిడవి. గడియారం. చేతిలో ఫైలు ఉంది గాని ఫైలు కోసం పైకి రాలేదని నడకే చెబుతోంది. బల్ల చివర కూర్చుంది, కూర్చున్నట్టు కాదు, లేవడానికి సిద్ధంగా.

"ఏం చెప్పబోతున్నావు లోపల?"

అతను బల్ల అంచు పట్టుకున్నాడు.

"నాకు తెలియదనుకోకు. నీ గదిలో కోతులన్నీ మధ్యాహ్నం నిద్రపోతాయట, నా గదిలో ఒక్కటీ కునుకు తీయదు. రెండేళ్లుగా అనుకుంటున్నా, ఇదేం జోలపాట పాడుతున్నాడబ్బా అని."

"నీవి కూడా నిద్రపోతాయి. నువ్వు లేపుతావు."

"లేపనూ మరి? పెళ్లిచూపులకి వచ్చానా, లేచేదాకా కూర్చోవడానికి?" అని గొంతు తగ్గించింది. "చూడు. ఆ లెక్కలాయన రెండు గదులూ కలిపి సగటు తీసేద్దామంటున్నాడు. కలిపితే మార్ఫిన్ చెడ్డదని వస్తుంది. రావాలనే అందరూ చూస్తున్నారు, చెడ్డదే గదా అది, మంచిదని ఎవరన్నారు? నీ పేరు ఎక్కడా రాదు. నోరు మూసుకుని కూర్చో. నీకు బాగా వచ్చిన పని అదొక్కటే."

"మా తమ్ముడు ..."

"నీ తమ్ముడికేం, మనిషి. కోతి కాదు." లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "పిల్లల చదువు ఉంది నీకు. మర్చిపోకు బాబూ."

టకటకలు మెట్లు దిగిపోయాయి. మంచి మనిషి. ఆవిడ గదిలో కోతులు బతికున్నాయి. ఏ జాలీ లేకుండా రెండింటికి భుజం తట్టి లేపి, పొడిచి, సంతకం పెట్టి పోయే మనిషి గదిలో బతికున్నాయి. వేళకి పడిన మందు వాటిని పెద్దగా ఏం చేయలేదు, గుమాస్తాతో దాదాపు సమానంగానే ఉన్నాయి. తన గదిని పడదోసింది మందు కాదు. మందుకీ మందుకీ మధ్య తెగిన చోటు. రోజుకొకసారి ఆ తెగిన చోట పడేసి, లేపి, మళ్లీ పడేసి. డాక్టరమ్మకి ఆ గీతలో కనిపించంది అదే. లెక్కలాయన సగటులో అది ఎప్పటికీ కనిపించదు. అది తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు, వాడికి నోరు లేదు. ఉద్యోగం పోతుంది, సరే, పోతే ఏం చెప్పుకుంటాడు? చెప్పుకోవడానికి ఒకటి ఉంది గదా. నిద్రపోయే దాన్ని లేపలేకపోయాను. ఎవరూ కాదనలేరు. డాక్టరమ్మ కూడా అయ్యో అంటుంది. జాలి పడ్డానండీ. వినడానికి ఎంత బాగుంది.

పదీ యాభై. లోపల కుర్చీ జరిగింది. నిద్రపోతుంటే లేపలేకపోయాను. ఆ మాటని వల్లించుకుంటున్నాడు, బడిలో ఎక్కం అప్పగించడానికి ముందు గోడకానుకుని వల్లించినట్టు, అప్పుడూ ఒకచోట తడబడేవాడు, ఎప్పుడూ అదే చోట. ఇప్పుడూ ఏదో ఒకచోట తడబడుతోంది. పొట్టోడు నిద్రపోయేవాడా? పంతులమ్మ నిద్రపోయేది, అది నిజం. తొమ్మిదో నంబరు ఒక్కోసారి. పొట్టోడు పగలు పడుకోవడం, అసలు, చూశాడా? రెండేళ్లుగా చూసిన పొట్టోణ్ని కళ్ల ముందుకి తెచ్చుకుంటే ఎప్పుడూ ఊచలు పట్టుకుని తలుపు వైపే చూస్తూ కనిపిస్తాడు. తలుపు వైపు ఎందుకు. తలుపులోంచి వచ్చేది తనే గనక. తను ఎక్కడి నుంచి వచ్చేవాడు? వెనక గేటు నుంచి. గదిలోకి ఫోను తీసుకెళ్లకూడదు, ఫోను వెనక గేటు కాపలావాడి దగ్గర పెట్టేవాడు. క్లినిక్కుకి ముందు, ఆ చెడ్డ నాలుగు నెలలు, తమ్ముడు ఎవరెవరి ఫోన్ల నుంచో చేసేవాడు, ఒంటిగంటా రెండు మధ్యలోనే, ఎందుకంటే అప్పుడే వాడికి మెలకువ వచ్చేది, మెలకువతోపాటు వణుకు. అన్నయ్యా, రావా, ఒళ్లంతా విరుగుతోంది, ఒక్కసారి రావా. బస్టాపు వెనక గోడ దగ్గర ముడుచుకుని ఉండేవాడు. అతను వెళ్లేవాడు. పక్కన కూర్చుని వీపు నిమిరేవాడు, వాంతి చేసుకుంటే నుదురు పట్టుకునేవాడు, గంట, రెండు, ఒకరోజు నాలుగున్నర దాకా. తిరిగొచ్చి చేతులు కడుక్కుని సిరంజి ఎత్తేసరికి పొట్టోడు ఊచలు పట్టుకుని తలుపు వైపు. ఆవలించలేదు వాడు. ఆవలింతల దశ ఎప్పుడో దాటిపోయి ఉండేది.

ఒకణ్ని అందులోంచి లాగడానికి వెళ్లి, ఇటు వాటిని అందులోకి తోశాడు. తెలిసి కాదు. తెలిసి కాదు గాని, ఇన్నాళ్లూ ఆ రోజులన్నిటినీ పంతులమ్మ నిద్ర కింద కప్పేసుకున్నది ఎవరు?

"రండి," అని తలుపు తెరుచుకుంది.

లోపల పొడుగాటి బల్ల, గోడ మీద ఆ రెండు గీతలే, ఇప్పుడు మనిషంత ఎత్తున. డాక్టరమ్మ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. ఆమె అడగాలనుకున్నది నీళ్ల గురించో గాలి గొట్టం గురించో అయి ఉంటుంది, అతను అడగనివ్వలేదు. "అమ్మా, నా గదిలో రెండు గంటల సూది రెండింటికి పడలేదు," అన్నాడు నిలబడే.

లెక్కలాయన పెన్ను ఆగిపోయింది.

"ఎప్పుడు?" అంది ఆమె.

"చాలా రోజులు. గంట, రెండు గంటలు ఆలస్యం. అవి నిద్రపోతుంటే లేపలేదు. లేచేసరికి ఆవలించేవి, ముక్కు కారేది. నిద్ర మత్తనుకున్నాను. కాదు. మందు అందక."

ఆమె గోడ మీది గీతని చూసింది, పడిపోతున్నదాన్ని, కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు.

"రెండేళ్ల పని," అన్నాడు లెక్కలాయన. "మొత్తం బూడిదలో పోసినట్టే." తర్వాత అతని మొహం చూసి కొంచెం మెత్తబడ్డాడు. "జాలిపడ్డాడు పాపం. ఏమనగలం."

"బూడిద కాదు," అంది ఆమె నెమ్మదిగా. "ఎన్ని రోజులు, ఎంత ఆలస్యం, ఏ జంతువుకి అన్నది తెలిస్తే బూడిద కాదు. తెలియకపోతే మాత్రం మీరన్నదే." అతని వైపు తిరిగింది. "నీ ఉద్యోగం సంగతి నా చేతుల్లో లేదు. ఆఫీసుకి రాయాలి, రాస్తాను. దాచను."

"రాయండమ్మా."

"రెండేళ్లు ఎందుకు చెప్పలేదు?"

"శనివారం దాకా తెలియలేదు. తెలిశాక నాలుగు రోజులు భయపడ్డాను."

ఆమె లేచి అలమరలోంచి ఎడమ గది రిజిస్టర్లు మూడూ తెచ్చి ముందు పెట్టింది. ఎర్ర పెన్ను ఒకటి పైన పెట్టింది. "గుర్తున్నంత వరకు రాయి. గుర్తు లేని చోట గుర్తు లేదని రాయి. ఊహించి ఒక్క అంకె వేయొద్దు. అన్ని రోజులూ నిద్రేనా కారణం?"

అవునంటే సరిపోయేది. లెక్కలాయన అప్పటికే తన కాగితం మీద నిద్ర అని రాసుకున్నాడు, తలకిందులుగా కూడా చదవగలిగాడు అతను. పొద్దుటి నుంచి అప్పుడే చాలా ఎక్కువ మాట్లాడాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొదటి రిజిస్టరు పక్కకి పెట్టి రెండోది తీశాడు, నాలుగు చెడ్డ నెలలు ఉన్నది, వేలితో తేదీలు దిగుతూ ఆ నాలుగున్నర అయిన రోజు దగ్గర ఆగాడు. మూడో నంబరు. రెండు గంటలు అని అచ్చు, పక్కన తన సంతకం, నలగకుండా ఉంది. అచ్చుని అడ్డంగా కొట్టేసి నాలుగున్నర అని వేశాడు. తర్వాత రిమార్కుల గడిలో, బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో, గడి దాటి పోకుండా చిన్నగా రాశాడు: కోతి మెలకువగానే ఉంది. నేను లేను.